వేడిని చుట్టుదారి పట్టించే గాట్లు

ఓవెన్ మీటరు 200 డిగ్రీలు చూపించి పావుగంట దాటింది. గేటు చల్లారాక థిన్నర్ గుడ్డతో రుద్దితే సన్న కమ్మీల మీద రంగు చెక్కుచెదరలేదు. తాళం బిగించే మందపాటి ప్లేటు మీద మాత్రం గుడ్డకి అంటుకొచ్చింది. ఎందుకని పాలిటెక్నిక్ కుర్రాడొకడు అడిగాడు. పొడి రంగును కాల్చి పూతగా మార్చే పౌడర్ కోటింగ్ ఓవెన్ సారమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మీటరు చెప్పింది గాలి వేడి, పౌడర్‌కి కావలసింది లోహం వేడి.

మొదట్లో ఈ చిక్కే లేదు. 1950ల తొలినాళ్లలో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ కనిపెట్టిన పద్ధతిలో ముందు వస్తువునే వేడిచేసి, కింది నుంచి గాలి ఊదుతూ కదిలించే ప్లాస్టిక్ పొడిలో ముంచేవారు. పొడి తగిలినచోటే కరిగి అతుక్కునేది. 1960లలో ఎలక్ట్రోస్టాటిక్ గన్ వచ్చాక, వేల వోల్టులతో ఆవేశం పొందిన పొడి చల్లని ఇనుముకే పట్టి నిలిచింది. దాంతో ఓవెన్ వంతు చివరికి మారింది. పొడి కరగడంతోనే పని అయిపోదు. అణువులు ఒకదానితో ఒకటి ముడిపడాలి. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిది కానట్టే, అలా ముడిపడ్డ పొర మళ్లీ కరగదు. అందుకు మామూలుగా 180–200 డిగ్రీల దగ్గర 10 నుంచి 20 నిమిషాలు కావాలి. ఆ లెక్క మొదలయ్యేది లోహం వేడెక్కాకే.

షెడ్డులో సొంతంగా కట్టుకునే ఓవెన్ ఒకటి తీసుకుందాం. లోపల 8 అడుగుల పొడవు, 4 వెడల్పు, 6 ఎత్తు. 50 కిలోల గేటును 30 నుంచి 200 డిగ్రీలకి తేవడానికి సుమారు 1.2 యూనిట్ల కరెంటు చాలు. మరి గోడలో? లోపలి రేకు 1 మిల్లీమీటరుదైతే దాని బరువే 150 కిలోలు, అది మింగేది 3.5 యూనిట్లు. గేటుకన్నా గోడలే మూడింతలు తింటాయి! అందుకే లోపలి రేకు ఎంత పల్చనైతే అంత మంచిదనీ, గేటు బరువు బయటి స్క్వేర్ పైపు ఫ్రేమే మోయాలనీ నేను పట్టుబడతాను.

లోపలి, బయటి రేకుల మధ్య వేడిని ఆపే రాక్‌ఊల్ (రాతి ఉన్ని) 4 అంగుళాలు కూరితే గోడలన్నిటి గుండా పోయేది 1.6 కిలోవాట్లు. అసలు దొంగదారి తలుపు చుట్టూ ఉంది. అక్కడ లోపలి రేకును మడిచి బయటి రేకుకి రివెట్లు కొట్టేస్తారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఇనుము రాక్‌ఊల్‌కన్నా దాదాపు వెయ్యి రెట్లు వేడిని మోస్తుంది. 20 అడుగుల చుట్టుకొలతలో ఆ 1 మిల్లీమీటరు అంచంతా కలిపినా అరచేయంత వైశాల్యం లేదు, అయినా లెక్కప్రకారం అర కిలోవాట్ దాకా లాగేస్తుంది. తలుపు అంచు ముట్టుకుంటే చురుక్కుమనేది ఇందుకే.

దీనికి విరుగుడు నాకు భలే ఇష్టం. మడిచిన ఆ పట్టీలో పొడవాటి గాట్లు వరసలుగా కోస్తారు. మొదటి వరసలో రెండు గాట్ల మధ్య మిగిలిన ఇనుముకి ఎదురుగా రెండో వరసలో గాటు వచ్చేలా చూస్తారు. వేడి నేరుగా దాటలేదు. పక్కకి జరిగి, ముందుకెళ్లి, మళ్లీ పక్కకి జరగాలి. దారి పొడవవుతుంది, వెడల్పు తగ్గుతుంది. కొత్త సామానేమీ కొనకుండా, ఉన్న ఇనుము కొంత తీసేస్తేనే నష్టం తగ్గుతుంది!

మిగతా పనులు త్వరగానే అవుతాయి. లోపలి గాలి వేడెక్కి మూడోవంతుకు పైగా బయటికి పోవాలి కాబట్టి చిన్న పొగగొట్టం ఉండాలి. లోపలి గాలిని తిప్పే బ్లోయర్ ఆగితే హీటర్లూ ఆగిపోవాలి. వేడి హద్దు దాటితే కరెంటు తెంచే విడి కటాఫ్ తప్పనిసరి. గాల్లో లేచిన పౌడర్ పేలగలదు కనుక గన్ వాడే చోటు ఓవెన్‌కి దూరంగా ఉండాలి. వేడి కొలిచే థర్మోకపుల్ ఒకటి గాలిలో, ఇంకొకటి తాళం ప్లేటు లాంటి మందపాటి భాగానికి ఆనించి కట్టాలి. టైమర్ నొక్కేది ఆ రెండోదాన్ని చూసి.

తర్వాత గాలితో పెద్దగా పనిలేకుండా వస్తువునే వేడిచేసే ఇన్‌ఫ్రారెడ్ ఓవెన్లు వచ్చాయి. తక్కువ వేడికే గట్టిపడే పౌడర్లతో ఎండీఎఫ్ చెక్కకీ ఈ పూత పడుతోంది.