భూమి కుదువ పెట్టునపుడు నమ్మదగిన మధ్యవర్తిని గుర్తించుట ఎట్లు?

బోరు వేయుటకో, మామిడి తోటకు కంచె కట్టుటకో, బిడ్డ పెండ్లికో డబ్బు కావలసి వచ్చినపుడు చిత్తూరు, తిరుపతి జిల్లాల రైతు మొదట తలచుకొనునది తన భూమినే. అప్పు ఇప్పించెదనని మధ్యవర్తి వచ్చునదియు ఆ సమయముననే. మధ్యవర్తులందరును మోసగాండ్రు కారు. కాగితములు సమకూర్చి, శ్రమకు తగిన తరగు పుచ్చుకొని, మాట నిలుపుకొనువారును కలరు. అప్పు ఎంత త్వరగా ఇప్పించునని గాక, తీర్చిన పిమ్మట భూమి చిక్కులేక మీకు తిరిగి వచ్చునట్లు చేయునా అని చూచి అతనిని ఎన్నుకొనవలెను.

అసలు మధ్యవర్తి అవసరమా?

2025 జనవరి 1వ తేదీ నుండి 2 లక్షల రూపాయల వరకు వ్యవసాయ రుణమునకు బ్యాంకులు భూమి తనఖా అడుగరాదని రిజర్వు బ్యాంకు నిర్ణయించినది. కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల వరకు పంట రుణమునకు వడ్డీ సాలుకు నూటికి 7 రూపాయలు. గడువులోగా తీర్చిన వారికి 4 రూపాయలే. దీనికి బ్యాంకుకు గాని, సహకార పరపతి సంఘమునకు గాని మీరే వెళ్ళవచ్చును. ఈ సంగతి దాచి మిమ్ములను నేరుగా వడ్డీ వ్యాపారి వద్దకు తీసికొనిపోవువాడు మీ మేలు కోరువాడు కాడు.

దస్తావేజు ఏ రకమైనది?

ఇదియే ముఖ్యమైన పరీక్ష. "పేరుకు క్రయము వ్రాయండి, డబ్బు కట్టగానే తిరిగి వ్రాసి ఇత్తురు" అని మధ్యవర్తి చెప్పిన యెడల అక్కడనే ఆగవలెను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమునకు 1929లో జరిగిన సవరణ ప్రకారము, తిరిగి ఇచ్చు షరతు ఆ క్రయ దస్తావేజులోనే లేనిచో అది కుదువగా పరిగణింపబడదు. వేరుగా చెప్పిన నోటిమాట మీ భూమిని కాపాడదు. జనరల్ పవర్ పత్రముపై గాని, ఖాళీ కాగితములపై గాని సంతకము చేయరాదు.

భూమి పత్రములు అప్పు ఇచ్చువాని వద్ద ఉంచి చేయు కుదువ తప్ప, 100 రూపాయలు అంతకు మించిన తనఖా ఏదైనను ఇద్దరు సాక్షులతో వ్రాసి రిజిస్టరు చేయవలెను. నమ్మదగిన మధ్యవర్తి దస్తావేజు నకలును ముందుగానే ఇచ్చి, ఇంటికి తీసికొనిపోయి చదువనిచ్చును.

లెక్క వేసి చూడుడు

రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు తీసికొంటిరనుకొనుడు. నెలకు 4,000, సాలుకు 48,000 రూపాయలు వడ్డీ. మూడు నెలల వడ్డీ 12,000, తరగు 4,000 ముందే పట్టుకొన్నచో చేతికి వచ్చునది 1,84,000 మాత్రమే. వడ్డీ మాత్రము 2 లక్షలకు. తరగు ఎంత, ఎవరు ఇత్తురు, అప్పు ఇచ్చువాని వద్ద కూడా పుచ్చుకొనుచున్నాడా అని అడుగుడు. సూటిగా చెప్పి, వ్రాసి ఇచ్చువానితోనే వ్యవహరింపుడు. సొమ్ము బ్యాంకు ఖాతా ద్వారానే పుచ్చుకొనుడు.

మరికొన్ని జాగ్రత్తలు

1. అతని ద్వారా కుదువ పెట్టి, అప్పు తీర్చి, భూమి విడిపించుకొన్న ఇద్దరు ముగ్గురు రైతులను విచారింపుడు. అప్పు పొందినవారిని మాత్రమే అడిగిన చాలదు.

2. అడంగల్, 1-బి, ఈసీ మీరే తీయించి చూచుకొనుడు. పాసుపుస్తకము, మూల దస్తావేజులు మధ్యవర్తి చేతికి ఇయ్యరాదు.

3. డి.కె.టి. పట్టా భూమికి 1977 నాటి అసైన్డు భూముల చట్టము వర్తించును. దానికి 2023లో సవరణ జరిగినది. మీ పట్టా విషయము తహసీలుదారు కార్యాలయమున విచారింపక ప్రైవేటు వ్యక్తికి కుదువ పెట్టరాదు. "అదంతా నేను చూచుకొందును" అను మాట చాలదు.

4. అనుమానము కలిగినచో సంతకమునకు ముందే న్యాయ సేవాధికార సంస్థను సంప్రదింపుడు. ఫోను నంబరు 15100.

అప్పు తీర్చిన నాడు రశీదుతో తృప్తిపడక, తనఖా రద్దును కూడా రిజిస్టరు చేయించి, కొత్త ఈసీ తీయించి చూడవలెను. ఆ పనికి కూడా మీ వెంట రిజిస్ట్రారు కార్యాలయమునకు వచ్చుటకు ముందుగానే ఒప్పుకొనువాడే నమ్మదగిన మధ్యవర్తి.