కుందేళ్లు లేచాయి... పండితులు నమ్మలేదు!

కుందేళ్లు కదలడంలేదు. చెవులు వాలిపోయాయి. తోసినా లేచే ఓపిక లేనట్టు పడి ఉన్నాయి. వాటికి ఓ ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపటికే చెవులు నిక్కబొడుచుకున్నాయి. మామూలుగా తిరగడం మొదలెట్టాయి!

స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో ఆ ప్రయోగం చేసిన శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్. 1957లో ఆయన బృందం దాని గురించి ‘నేచర్’ పత్రికలో రాసింది ఒకే ఒక్క పేజీ. పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణికే తాతయ్యకు ఇవాళ డాక్టరుగారు రాసే మాత్ర వెనక ఉన్నది ఆ పేజీయే.

సర్పగంధితో మొదలు

కుందేళ్లను అలా పడేసిన మందు పేరు రిజర్పిన్. పుట్టిల్లు మన సర్పగంధి వేరు. పిచ్చికీ రక్తపోటుకీ ఆ వేరు పనిచేస్తోందని 1931లోనే గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే బెంగాలీ వైద్యులు రాశారు. 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు అందులోంచి రిజర్పిన్‌ను వేరుచేశారు.

కార్ల్‌సన్ మొదట పరిశోధించింది మెదడుని కాదు, కాల్షియాన్ని. ఔషధశాస్త్రంలో దానికంత ప్రాధాన్యం లేదని నిపుణుల కమిటీ తేల్చడంతో రావాల్సిన ఉద్యోగం చేజారింది. దాంతో దారి మార్చుకుని, 1955లో అమెరికాలో బెర్నార్డ్ బ్రోడీ ప్రయోగశాలకు వెళ్లారు. రిజర్పిన్‌తో పని మొదలైంది అక్కడే.

మెదడులోని నాడీకణాలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవడానికి కొన్ని రసాయనాలను దాచుకుంటాయి. రిజర్పిన్ ఆ నిల్వల్ని ఖాళీ చేసేస్తుంది. ఖాళీ అయిన నోరడ్రినలిన్‌ను మళ్లీ నింపుదామని, దాని ముడిసరుకైన డోపాను ఎక్కించారు కార్ల్‌సన్. కుందేళ్లు లేచాయి. తీరా మెదడుని పరీక్షిస్తే నోరడ్రినలిన్ నిండనేలేదు! పెరిగింది డోపమైన్. అప్పటిదాకా దాన్ని నోరడ్రినలిన్ తయారీలో ఓ మజిలీగానే చూసేవారు. మెదడులో అది సహజంగానే ఉందని 1958లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. శరీర కదలికల్ని అదుపుచేసే భాగంలోనే ఎక్కువగా ఉందని 1959లో ఆయన శిష్యులు తేల్చారు. రిజర్పిన్ వాడినవారిలో పార్కిన్సన్స్ లక్షణాలు ఎందుకు కనిపిస్తున్నాయో కార్ల్‌సన్‌కి అర్థమైంది.

‘విషం’ అన్నారు!

1960లో లండన్‌లో సదస్సు. అంతకు దాదాపు పాతికేళ్ల కిందటే నోబెల్ అందుకున్న హెన్రీ డేల్ లాంటి ఉద్దండులు వచ్చారు. నాడీకణాల మధ్య కబుర్లు మోసేది విద్యుత్తేనని గట్టిగా నమ్మేవారు అప్పటికింకా చాలామందే ఉన్నారు. కార్ల్‌సన్ వాదన సభకు రుచించలేదు. డోపా విషమని డేల్ అన్నట్టు ఆయన తర్వాత గుర్తుచేసుకున్నారు.

పెద్దలు నమ్మకపోయినా ఆ పేజీని చదివినవాళ్లు ఊరుకోలేదు. వియన్నాలో ఒలే హార్నికీవిచ్ పార్కిన్సన్స్‌తో చనిపోయినవారి మెదళ్లను పరీక్షించి, డోపమైన్ బాగా తగ్గిపోయిందని 1960లో చూపించారు. మరుసటేడాదే, మంచాన పడ్డ రోగులు డోపా ఇంజెక్షన్‌తో లేచి నడిచారు. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ దాన్ని నోటిద్వారా కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చి, రోజూ వాడే మందుగా నిలబెట్టారు.

కార్ల్‌సన్ అక్కడితో ఆగలేదు. మానసిక రోగులకిచ్చే మందులు డోపమైన్ మీదే పనిచేస్తున్నాయని సూచిస్తూ 1963లో ఆయన రాసిన వ్యాసం, స్కిజోఫ్రెనియా పరిశోధనకే బాట వేసింది.

43 ఏళ్ల తర్వాత...

2000లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఒక్క పేజీ అచ్చయిన 43 ఏళ్లకు! అప్పటికి ఆయన వయసు 77. పాల్ గ్రీన్‌గార్డ్, ఎరిక్ కాండెల్‌లతో కలిసి దాన్ని అందుకున్నారు. హార్నికీవిచ్ పేరు లేకపోవడం తప్పంటూ 200 మందికిపైగా శాస్త్రవేత్తలు బహిరంగలేఖ రాశారు. ఒక వ్యాసం ఎన్ని చేతుల మీదుగా మందుగా మారుతుందో ఆ లేఖ గుర్తుచేసింది.

డోపా జబ్బును నయం చేయదు. ఏళ్లు గడిచేకొద్దీ దాని ప్రభావం నిలకడగా ఉండదు, ఒళ్లు దానంతటదే మెలికలు తిరిగే ఇబ్బందీ రావచ్చు. అయినా పార్కిన్సన్స్‌కి నేటికీ ప్రధానమైన మందు అదే. కార్ల్‌సన్ 2018లో, 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పొద్దున్నే మాత్ర వేసుకున్న తాతయ్య కాసేపటికి చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నారంటే... అరవయ్యేళ్లు దాటినా ఆ పేజీ ఇంకా పనిచేస్తున్నట్టే!