జెండా పట్టినవాడే పెద్ద ఎందుకయ్యాడు?

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఒకప్పుడు రాజు లేడు. నగర పాలకుల్లో పెద్దను 'గొన్ఫలోనియేరే' అనేవారు. అంటే జెండా పట్టేవాడు!

అప్పట్లో గొప్పింటివాళ్లు సామాన్యుల్ని కొట్టినా అడిగే దిక్కుండేది కాదు. వాళ్లను అదుపుచెయ్యడానికి 1293లో కొత్త చట్టాలొచ్చాయి. వాటిని అమలుచేసే మనిషికి తెల్లగుడ్డ మీద ఎర్ర శిలువ ఉన్న జెండా ఇచ్చారు, వెంట వెయ్యిమంది కాలిబంట్లను పెట్టారు. మైకులు లేని రోజులు కదా! గుంపులో దూరానికి కనబడేది జెండాయే. అది లేచిన చోటికి బంట్లు చేరాలి.

మరి ఎంపిక ఎలా? తర్వాతి కాలంలో అర్హుల పేర్లు చీటీల మీద రాసి, తోలు సంచుల్లో వేసి తాళం పెట్టేవారు. పదవి రెండు నెలలే. గడువు ముగిసేముందు మళ్లీ చీటీ తీసేవారు. పన్ను బాకీ ఉన్నవాడి పేరొస్తే ఆ చీటీ పక్కకే!

ఎన్నికైనవాడు ఎనిమిదిమంది తోటి పాలకులతో కలిసి ప్రభుత్వ భవనంలోనే తినాలి, అక్కడే పడుకోవాలి. చుట్టాలూ స్నేహితులూ చెవిలో సిఫారసులు ఊదకుండా ఈ కట్టడి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. బాధ కలిగించేది మరొకటి: ఆ సంచుల్లో ఆడవాళ్ల పేరు ఒక్కటీ ఉండేది కాదు. ఉన్ని దువ్వే కూలీలకూ మామూలుగా అందులో చోటు లేదు.