కంటిలోపల నెత్తురు

సంక్రాంతి సెలవుల్లో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వరి కోసిన మళ్లలో మీరు గూటీబిళ్ల ఆడే ఉంటారు. ఎగిరివచ్చిన బిళ్ల కంటికి తగిలితే ఏమవుతుందో తెలుసా?

తెల్లగుడ్డు మీద ఎర్రమచ్చ మాత్రమే కనిపిస్తే అది పైపొర కింద చేరిన నెత్తురు. గట్టిగా దగ్గినా రావచ్చు. చూడ్డానికి భయంకరమేగాని, సాధారణంగా రెండు వారాల్లో దానంతటదే పోతుంది. అసలు ప్రమాదం లోపలి నెత్తురుతో. దెబ్బకు కనుగుడ్డు క్షణంసేపు నొక్కుకుపోయి, ఐరిస్ అనే రంగుతెర మొదట్లోని సన్నని రక్తనాళాలు చిట్లుతాయి. ఐరిస్ ముందున్న నీటిలోకి నెత్తురు దిగి, గ్లాసు అడుగున మడ్డిలా పేరుకుంటుంది. చూపు మసకబారుతుంది. ఆ నీరు బయటికి పోయే దారి మూసుకుపోతే కంటిలో పీడనం పెరిగి దృష్టినాడి దెబ్బతినవచ్చు. మొదటి ఐదు రోజుల్లో మళ్లీ నెత్తురు కారే భయమూ ఉంది. కన్ను నలపకండి, ఆస్పిరిన్ మింగకండి. తల ఎత్తుగా ఉంచుకుని ఆరోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఒక్కొక్కసారి దెబ్బే అక్కరలేదు. మీ తాతగారికి మధుమేహం ఉందా? అది ఏళ్లతరబడి అదుపు తప్పితే రెటీనా మీద బలహీనమైన కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. అవి చిట్లితే నొప్పి ఉండదు. "కళ్లముందు బూజు వేలాడుతోందిరా" అంటారాయన. అది చూరుబూజేమోనని నవ్వకండి. విశాఖపట్నంలోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి వంటి చోటికి వెంటనే తీసుకువెళ్తే, కనుపాపను పెద్దది చేసే చుక్కలు వేసి రెటీనాను పరీక్షిస్తారు.