మెరిసే పాత కారు, కనిపించని తుప్పు

పుదుచ్చేరి వీధుల్లో పాత అంబాసిడర్ కనబడితే చాలు, వీడియో తీస్తాం. అలాంటిదొకటి కొని బాగుచేసుకోవాలని కలలు కంటాం. అయితే వీడియోలో పెయింటు మెరుపే కనిపిస్తుంది, కింది తుప్పు కనిపించదు.

ఇనుము తుప్పు పట్టడానికి ఆక్సిజన్, నీరు కావాలి. సముద్రపు గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచి, ఈ విద్యుత్ రసాయన చర్యను వేగవంతం చేస్తుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పెయింటు బుడగల్లా ఉబ్బుతుంది.

2014 వరకు తయారైన అంబాసిడర్‌లో బరువు మోసేది బాడీయే. కాబట్టి తుప్పు అందానికే కాదు, భద్రతకూ ముప్పే. పాడైన రేకును కోసి, కొత్తది వెల్డింగ్ చేసి, జింక్ ప్రైమర్ పూయాలి. జింక్ ముందుగా తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది.

కొనేముందు కారు కిందికి తొంగి చూడండి.