కొలత తెలిసినోడికే కూలి దక్కుద్ది

మా నాన్న నిడదవోల్లో తాపీ మేస్త్రి. ముప్ఫయ్యేళ్ల పనితనం. ఆయన లేపిన గోడకి గుండు వేలాడదీసి చూస్తే వెంట్రుకవాసి తేడా రాదు. అలాంటి మనిషి ఒకసారి ప్లాస్టరింగ్ బిల్లు కాడ దెబ్బతిన్నాడు. రెండంతస్తుల ఇల్లు, చదరపు అడుక్కి ఇంతని మాట్లాడుకున్నారు. పని అయ్యాక కాంట్రాక్టరు టేపు పట్టి కొలిచి, తలుపులూ కిటికీలూ గోడకి రెండు వైపులా తీసేసి లెక్క కట్టాడు. నాన్నకి ఏదో తేడాగా ఉందనిపించింది గానీ, ఏమని అడగాలో తెలీలేదు. ఇచ్చింది పుచ్చుకుని వచ్చేశాడు.

తర్వాత నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదువుతున్నప్పుడు ఎస్టిమేషన్ పాఠంలో ఆ లెక్క నా కళ్లబడింది. మన దేశంలో పనులు కొలవటానికి ఐఎస్ 1200 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ప్లాస్టరింగ్‌లో అర చదరపు మీటరు లోపు ఖాళీకి అసలు ఏమీ తీయకూడదు. అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా ఉంటే ఒక్క వైపే తీయాలి. ఎందుకంటే తలుపు చుట్టూ అంచులకి కూడా మేస్త్రి సిమెంటు పూస్తాడు గదా, రెండోవైపు లెక్క దానికి చెల్లు.

ఇంటికొచ్చి నాన్నతో కూర్చుని లెక్కేశాను. మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు తలుపులు పది: 21 చదరపు మీటర్లు. 1.2 మీటర్ల చదరం కిటికీలు పన్నెండు: 17.28. మొత్తం 38.28 చదరపు మీటర్లు, అంటే దరిదాపు 412 చదరపు అడుగులు. అంత పని నాన్న ఊరికే చేసిపెట్టినట్టు! ప్రైవేటు పనుల్లో ముందు మాట్లాడుకున్న మాటే చెల్లుద్దండి, నిజమే. కానీ ఏం మాట్లాడుకోవాలో తెలియాలంటే ముందు కొలత తెలియాలి గదా.

ఇంతకీ ఏంటీ చదువు?

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీల్లో కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ అని రెండేళ్ల కోర్సు ఉంటది. మన దగ్గర ఆ పేరుతో కోర్సు కావాలంటే ఎక్కువగా బీటెక్ అయ్యాకే. హైదరాబాద్‌లో క్యాంపస్ ఉన్న నిక్‌మార్ లాంటివి ఆ కోవలోవి. పదో తరగతి అయిన మన కుర్రోళ్లకి దానికి దగ్గరి దారి ఐటీఐలో రెండేళ్ల డ్రాఫ్ట్స్‌మన్ సివిల్. లేదంటే పాలీసెట్ రాసి మూడేళ్ల సివిల్ డిప్లొమా.

డ్రాఫ్ట్స్‌మన్ అంటే బొమ్మలు గీసే పనేగా అంటారు. గీత నేర్పుతారు, కంప్యూటర్లో గీయటమూ నేర్పుతారు. కానీ అసలు సరుకు ఆ గీత చదివి సామాను లెక్క తీయటంలో ఉంది. ఉదాహరణకి ఇనప చువ్వ. దాని మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు చువ్వ ఎన్ని కిలోలో వచ్చేస్తది. 12 మిల్లీమీటర్లదైతే 0.89 కిలోలు. ఇది తెలిసినోడి దగ్గర ఇనుము కొట్టోడి తూకం ఎక్కువ తక్కువలు దాగవు.

ఇంకోటి. వంద చదరపు మీటర్ల స్లాబు, అయిదంగుళాల మందం అనుకోండి. దరిదాపు పన్నెండున్నర ఘనపు మీటర్ల కాంక్రీటు. ఒకటికి ఒకటిన్నర ఇసక, మూడు కంకర పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకి ఎనిమిది బస్తాల సిమెంటు. అంటే వంద బస్తాలు. ఎనభై తెప్పించి పని మొదలెట్టారో, మధ్యాన్నానికి పని ఆగుద్ది. పోసింది గట్టిపడిపోద్ది. మిగిలింది మర్నాడు పోస్తే ఆ అతుకు కాడ వానాకాలం నీళ్లు కారతాయి. ఇరవై బస్తాల లెక్క తప్పితే ఇంటోళ్లు ఏళ్ల తరబడి బక్కెట్లు పెట్టుకోవాలి. మేనేజ్‌మెంట్ అంటే ఇదేనండి. ఏ రోజు ఏ సామాను రావాలి, ఎంతమంది కావాలి, ఏ పని వెనక ఏ పని, సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి, ఎన్నాళ్లు తడపాలి. మామూలు సిమెంటుకి కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన పీపీసీ లాంటి వాటికి పది రోజులు తడపాలని ఐఎస్ 456 చెప్తది.

మనుషుల లెక్క కూడా

భవన నిర్మాణ కార్మికులకి 1996లో ప్రత్యేక చట్టం వచ్చింది. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు పనిచేసినోళ్లు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు. సైట్లో సూపర్‌వైజరుగా నిలబడే కుర్రోడు హాజరు సరిగ్గా రాస్తే ఆ 90 రోజులకి రుజువు ఉంటది. రాయకపోతే ప్రమాదం జరిగిన రోజున ఆ కుటుంబం చేతిలో కాయితం ముక్క ఉండదు.

దారి ఇక్కడితో ఆగదు

ఉన్నమాట చెప్పాలి. రెండేళ్ల సర్టిఫికెట్టు పట్టుకుని ఇంజనీరునైపోతాననుకోకండి. మొదటి జీతం చూసి మనసు చివుక్కుమంటది. అయితే మెట్లున్నాయి. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ చేయొచ్చు, లేదా లేటరల్ ఎంట్రీలో డిప్లొమా రెండో ఏడాదికి వెళ్లొచ్చు. డిప్లొమా తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. చేరేముందు మాత్రం ఆ ఐటీఐకి గుర్తింపు ఉందో లేదో అడగండి. సర్వే సామాను బీరువాలో ఉందా, పిల్లల చేతుల్లో ఉందా చూడండి. సెలవుల్లో మాత్రం సైటు వదలొద్దు. కాయితం మీద స్లాబు ఎప్పుడూ కూలదు, ఎండలో నిలబడితేనే అసలు సంగతి తెలుస్తది. చెల్లెళ్లూ, ఇది మగోళ్ల పనని ఎవరన్నా అంటే నమ్మకండి. లెక్కకి ఆడా మగా లేదు.

మన నిడదవోలు మండలంలోనే ఉన్న విజ్జేశ్వరం దాకా వెళ్తే పశ్చిమ డెల్టా కాలవ మొదలయ్యే చోటు కనపడుద్ది. 1847లో మొదలెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి. ఆయన పక్కన నిలబడి, వేలమంది కూలీలని కూడగట్టి పని నడిపించింది మనోడే, వీణెం వీరన్న. ఆ పేరు మన కుర్రోళ్లలో ఎంతమందికి తెలుసు? గోదారి నీళ్లు మన చేలకొచ్చాయంటే గీసిన చెయ్యి ఎంత ముఖ్యమో, జనాన్ని నడిపిన చెయ్యీ అంతే ముఖ్యం.

మా నాన్న ఇప్పుడు ఏ పని ఒప్పుకున్నా ముందు ఒక కాయితం రాయిస్తాడు. తలుపులూ కిటికీలూ ఎలా తీస్తారో అందులో ఒక లైను ఉంటది. రాసేది నేనే.