రసాయన చర్యల రకాలు

ఒకటి గాని, అంతకంటే ఎక్కువ గాని పదార్థాలు తమ ధర్మాలను కోల్పోయి కొత్త ధర్మాలు గల పదార్థాలుగా మారడాన్ని రసాయన చర్య అంటారు. చర్యలో పాల్గొనే పదార్థాలను క్రియాజనకాలు అని, చర్య వలన ఏర్పడే వాటిని క్రియాజన్యాలు అని అంటారు. చర్యలో పరమాణువులు పుట్టవు, నశించవు. వాటి మధ్యనున్న బంధాలు మాత్రమే తెగి కొత్తవి ఏర్పడతాయి. పాఠశాల స్థాయిలో రసాయన చర్యలను వియోగం, సంయోగం, స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం అని నాలుగు రకాలుగా చెబుతారు.

వియోగం, సంయోగం

ఒకే పదార్థం రెండు గాని అంతకంటే ఎక్కువ గాని పదార్థాలుగా విడిపోవడం వియోగం. సున్నపు బట్టీలో జరిగేది ఇదే. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తే

కాల్షియం కార్బొనేట్ → కాల్షియం ఆక్సైడ్ + కార్బన్ డయాక్సైడ్

100 గ్రాముల స్వచ్ఛమైన సున్నపురాయి నుండి 56 గ్రాముల పొడిసున్నం, 44 గ్రాముల వాయువు వస్తాయి. కాలిన రాయి తేలికగా ఉండటానికి కారణం ఈ వాయువు వెళ్ళిపోవడమే.

పొడిసున్నానికి నీరు చేరితే అది తడిసున్నం అవుతుంది. రెండు పదార్థాలు కలిసి ఒకటే ఏర్పడుతుంది కనుక ఇది సంయోగం. ఈ చర్యలో నీరు మరిగేటంత వేడి పుడుతుంది. ఇలా వేడిని వెలువరించే చర్యలను ఉష్ణమోచక చర్యలు అంటారు. బట్టీలో జరిగేది వేడిని గ్రహించే ఉష్ణగ్రాహక చర్య. ఉడుకుతున్న సున్నం కంట్లో చిందితే చూపు పోయే ప్రమాదం ఉంది. అలా జరిగితే వెంటనే ధారాళమైన మంచినీటితో చాలాసేపు కడిగి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

గోడకు వేసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును గ్రహించి, నీటిని విడిచి, తిరిగి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అంటే బట్టీలో పోగొట్టుకున్న వాయువును రాయి గోడమీద మళ్ళీ తెచ్చుకుంటుందన్నమాట. వెల్ల వేసిన రెండు మూడు రోజులకు గోడ గట్టిపడి మెరవడం ఇందువల్లనే.

చిన్న అణువులు అనేకం కలిసి పెద్ద అణువుగా మారే పాలిమరీకరణం కూడా సంయోగం వంటిదే. 2020 మే 7న విశాఖపట్నంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలో నిల్వ ఉన్న స్టైరీన్ ఇలాగే తనంత తాను పాలిమరీకరణం చెంది వేడెక్కింది. వేడి చర్యను, చర్య వేడిని పెంచాయి. ఆవిరి చుట్టుపక్కల ఇళ్ళ మీదికి వ్యాపించి 12 మంది మరణించారు.

స్థానభ్రంశం

ఎక్కువ చర్యాశీలత గల మూలకం తక్కువ చర్యాశీలత గల మూలకాన్ని దాని సమ్మేళనం నుండి తొలగించడం స్థానభ్రంశం. మైలుతుత్తం ద్రావణంలో ఇనుప మేకు ఉంచితే మేకుపై రాగి పేరుకుంటుంది, నీలిరంగు వెలిసిపోతుంది. మేకుకు బదులు వెండి తీగ ఉంచితే ఏ మార్పూ ఉండదు, ఎందుకంటే వెండి చర్యాశీలత రాగి కంటే తక్కువ.

ద్వంద్వ వియోగం

రెండు సమ్మేళనాలు తమ అయాన్లను పరస్పరం మార్చుకోవడం ద్వంద్వ వియోగం. తరచు నీటిలో కరగని అవక్షేపం ఏర్పడుతుంది. నల్లగొండ జిల్లాలో ఎందరి పళ్ళనో, ఎముకలనో పాడుచేసిన ఫ్లోరైడును తాగునీటి నుండి తొలగించేందుకు నాగపూర్ లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి ఈ చర్యే ఆధారం. దానికి "నల్లగొండ పద్ధతి" అనే పేరు వచ్చింది. నీటిలో పటిక, సున్నం కలిపితే

అల్యూమినియం సల్ఫేట్ + కాల్షియం హైడ్రాక్సైడ్ → అల్యూమినియం హైడ్రాక్సైడ్ + కాల్షియం సల్ఫేట్

అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టెలుగా ఏర్పడి ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు చేరుతుంది. పైనున్న తేట నీటిని వాడుకుంటారు. నీటిని కాచినందువల్ల ఫ్లోరైడు పోదు.

ఆక్సీకరణం, క్షయకరణం

వీటిని అయిదవ రకంగా లెక్కించడం పొరపాటు. ఇది వేరొక కోణం నుండి చేసే విభజన. ఎలక్ట్రానులను కోల్పోవడం ఆక్సీకరణం, గ్రహించడం క్షయకరణం. పై మేకు ప్రయోగంలో ఇనుము ఆక్సీకరణం, రాగి అయాను క్షయకరణం చెందుతాయి. హైడ్రోజన్ మండి నీరు కావడం సంయోగమే, ఆక్సీకరణమే. సున్నం తడవడం సంయోగమే గాని అందులో ఎలక్ట్రానుల మార్పిడి లేదు.